మెరిసే బియ్యంతో ఫ్లోరైడ్ పట్టగలమా?

దొంగనోట్లు పట్టే యూవీ టార్చిని చీకట్లో గుప్పెడు బియ్యం మీద వేస్తే గింజలు లేత నీలంగా మెరుస్తాయి. పాత రసాయన శాస్త్రం ప్రకారం పిండి పదార్థానికి ఆ హక్కు లేదు. వెలుగునిచ్చే సేంద్రియ పదార్థమంటే బెంజీన్ వలయాలో, ఒకటి విడిచి ఒకటిగా సాగే ద్విబంధాలో ఉండాలి. పిండిలో అవేవీ లేవు. వెలుగుకు పనికొచ్చేవల్లా ఆక్సిజన్ పరమాణువులు, వాటి ఒంటరి (బంధంలో చేరని) ఎలక్ట్రాన్ జంటలు. అణువులు పలచగా కరిగి ఉంటే వెలుగు దాదాపు ఉండదు. దగ్గరగా గుమిగూడితే ఎలక్ట్రాన్ మేఘాలు ఒకదానిలోకి ఒకటి చొరబడి, గుంపు మొత్తం వెలుగుతుంది. గుమిగూడితే వెలుగు పెరుగుతుందన్న సంగతిని 2001లో రసాయన శాస్త్రవేత్త బెన్ జాంగ్ టాంగ్ బృందం వేరే రకం అణువుల్లో చూపింది. బెంజీన్ వలయాలు లేని ఇలాంటి పదార్థాల మీద ఆసక్తి ఆ తర్వాతే బాగా పెరిగింది.

చవక, విషం తక్కువ. అందుకే ఈ పదార్థాలను నీళ్లలో ఏం కలిసిందో పట్టే సెన్సర్లుగా వాడాలన్న ప్రయత్నాలు జోరందుకున్నాయి. అయితే వాటిలో చాలా సెన్సర్లు పట్టేది ఫెర్రిక్ ఇనుమునే (తుప్పులో ఉండే రూపం), అదీ వెలుగు ఆరిపోవడాన్ని బట్టి. నాకు ఇక్కడే అనుమానం. ఫెర్రిక్ ఇనుము తానే యూవీని మింగేస్తుంది. పదార్థానికి వెలుతురు అందకపోతే ఆరిపోక ఏం చేస్తుంది? పైగా బోరులోంచి వచ్చేటప్పుడు ఇనుము ఎక్కువగా నీళ్లలో కరిగి ఉండే ఫెర్రస్ రూపంలో ఉంటుంది, గాలి తగిలాకే ఫెర్రిక్‌గా మారుతుంది.

మహారాష్ట్రలోని సిరోంచ, రాజురా వైపు మన తెలుగిళ్లలో ఇనుము చూడ్డానికి ఇంత హంగామా దేనికి? అది ఎక్కువున్న బోరింగు నీళ్లు బిందెలో కాసేపుంటే తుప్పురంగు తేలుతుంది. టీ పెడితే నల్లబడుతుంది, టీపొడిలోని టానిన్ పుణ్యమా అని. కంటికీ నాలుకకూ దొరకనిది ఫ్లోరైడ్. చంద్రపూర్, యవత్మాల్ జిల్లాల భూగర్భ జలాల్లో ఉన్న బెడద అదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. పిల్లల పళ్లకు గార కట్టాక తెలిస్తే ఏం లాభం?

ఫ్లోరైడ్‌ను నీళ్లలో పట్టడం కష్టమే, దాని చుట్టూ నీటి అణువులు గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి. ఒక దారి ఉంది: ముందు ఇనుముతో వెలుగు ఆర్పేసి, ఫ్లోరైడ్ ఆ ఇనుమును లాక్కున్నాక మళ్లీ వెలిగేలా చేయడం. కానీ ఫాస్ఫేట్ కూడా అదే పని చేస్తుంది, పొలాల పక్క బావుల్లో ఎరువుల ఫాస్ఫేట్ చేరే వీలుంది. ఈ పరీక్షలు ల్యాబ్‌లోని డిస్టిల్డ్ వాటర్‌తో కాక, ఊరి బోరు నీళ్లతోనే జరగాలి. 1.2కీ 1.8కీ తేడా చెప్పలేని టార్చి కంటే ఫ్లోరైడ్‌ను బట్టి రంగు మారే, ఇప్పుడున్న జిర్కోనియం కిట్టే నయం.