తప్పనిసరిగా రిలాక్స్ కావలెను

పెండ్లికి వచ్చే చుట్టాలంతా రిలాక్స్ కావాలని మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెండ్లి పత్రిక ఆదేశించింది. ఎప్పుడు కావాలో టైము కూడా వేసింది: ఉదయం 9 నుంచి 9.45 దాకా. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఎప్పుడు రిలాక్స్ కావాలో రాయలేదు. కింద డ్రెస్ కోడ్, సేజ్ గ్రీన్. అదేం రంగో తెలియక మా వాడకట్టు మగవాళ్లు కూడబలుక్కుని, వాడిపోయిన గోంగూర రంగని తేల్చి చొక్కాలు కుట్టించుకున్నారు.

నిజానికి ఈ సంస్కరణ ఎప్పుడో రావలసింది. మొన్నటిదాకా మన లగ్గాలు ఎంత అధ్వానంగా జరిగేవో గుర్తుందా? కొట్నం నాడు వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి రోకళ్లు పట్టి పాట ఎత్తుకునేవారు. మేళంతో కుమ్మరింటికి పోయి పెండ్లి పీటల దగ్గర పెట్టే ఐరేణి కుండలు తెచ్చేవారు. పందిరి మీదికి పచ్చని మండల కోసం పోరగాళ్లు చెట్లెక్కేవారు. ఎదుర్కోళ్ల దగ్గర రెండు పక్షాలూ గులాలు పూసుకుని ఎవరి ముఖం ఎవరిదో తెలియకుండా అయ్యేవారు. ఒక బంతి లేస్తుంటే ఇంకో బంతికి విస్తర్లు వేసేందుకు బామ్మర్దులు పోటీ పడేవారు. ఇంతమంది ఇన్ని పనులు చేస్తుంటే నడిపించడానికి ఒక్క కోఆర్డినేటర్ లేడు, చెవికి మైకు లేదు, ప్యాకేజీ లేదు. ఎంత అనాగరికం!

ఇప్పుడు హైదరాబాద్ నుంచి వెడ్డింగ్ ప్లానర్ వస్తాడు. 'మీ ఇద్దరి కథ చెప్పండి, దాన్నే థీమ్ చేద్దాం' అంటాడు. కథేముంది? సంబంధం పేరయ్య తెచ్చాడు, పిల్లగానికి మాదాపూర్‌లో కొలువు, పిల్ల బీటెక్. ప్లానర్ కళ్లు మూసుకుని, తెరిచి, 'బోహో' అంటాడు. పోయిన నెల సూర్యాపేట వాళ్ల కథకూ బోహోనే వచ్చింది. అచ్చంగా మీకోసమే అని చెప్పి అందరికీ అదే కుడతాడు.

బోహో అంటే ఎండిన గడ్డి. నేను ఎగతాళి చేయడం లేదు, స్టేజీకి రెండు పక్కలా పాంపస్ అనే ఎండు గడ్డి నిలబెడతారు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి పండి, కోతలయ్యాక గడ్డిని ఏం చేయాలో తెలియక పొలంలోనే అగ్గిపెట్టే ప్రాంతానికి డీసీఎం వ్యాను నిండా ఆ గడ్డి దిగింది. దింపుతున్న జీతగాడు ఒక్కటే అడిగాడు: 'బర్రెలు తింటయా సారూ?' దాని ఖరీదు విన్నాక కల్యాణలక్ష్మి కింద ఇచ్చే 1,00,116 రూపాయలు దేనికి సరిపోతాయో నాకు మొదటిసారి అర్థమైంది.

పెండ్లికి ముందు తీసే ఫోటోల సంగతి ఎక్కువ చెప్పను. సాగర్ గేట్లెత్తితే చాలు, నీళ్లకంటే ముందు లెహంగాలు దిగుతాయి. పాలమూరు వాళ్లకైతే పిల్లలమర్రి ఊడల సందున దాగుడుమూతల సీను కావాలి. చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించి బతికించిన చెట్టది. పేషెంటని కనికరమైనా ఉండొద్దా?

అసలు ఘట్టం యాక్టివిటీలు. వచ్చినవాళ్ల చేతులకు రంగు బ్యాండ్లు కట్టి జట్లు చేశారు. మొదటిది, ఒకరు కళ్లు మూసుకుని వెనక్కి పడితే వెనక ఉన్నవాళ్లు పట్టుకోవాలట, నమ్మకం పెరుగుతుందట. లాటరీలో మా చిన్నాయనకు వెనక నిలబడింది ఆయన పాలోడు. ఇద్దరి మధ్య గట్టు పంచాయితీ దేవరకొండ కోర్టులో నడుస్తున్నది. 'పడండి అంకుల్, ట్రస్ట్, ట్రస్ట్' అంటది కోఆర్డినేటర్ పిల్ల మైకులో. 'పడత బిడ్డా, ముందు ఆయనతోని సంతకం పెట్టియ్యి' అన్నాడు చిన్నాయన.

తర్వాత విష్ ట్రీ. కొత్త జంటకు మనసులో మాట చీటీ మీద రాసి కొమ్మకు కట్టాలి. అందరూ బుద్ధిగా రాశారు. సాయంత్రం పెండ్లికొడుకు ఎంతో భావావేశంతో విప్పి చదివితే ఒకదాని మీద ఇంటిపేరు, ఊరు, వెయ్యినూటపదహార్లు. ఇంకోదాని మీద ఇంటిపేరు, ఊరు, ఐదునూటపదహార్లు. చెట్టు నిండా చదివింపులే. ఒక్క మా మేనమామ మాత్రం మనసులో మాట రాశాడు: 'మటన్ల ఉప్పు తక్కువైంది.'

కుండలకు రంగులేసే యాక్టివిటీ ఇంకా ఘోరం. టేబుల్ మీద పెట్టిన కుండలు అయిపోయాయి. పక్కన గుడ్డ కప్పి ఇంకో వరస కనిపిస్తే కోఆర్డినేటర్ పిల్ల వాటినీ పంచిపెట్టింది. అవి ఐరేణి కుండలు. అయ్యగారు పీటల మీద కూర్చుని కుండలేవంటే, ఒకదాని మీద నీలి రంగులో 'టీమ్ బ్రైడ్' అని ఉంది, రెండోదాని మీద కళ్లద్దాలు పెట్టుకున్న ఎలుగుబంటి. కుమ్మరాయన పరుగెత్తుకొచ్చి, 'సున్నమేసి, జాజు పూసి, నేనే బొమ్మలేసి తెచ్చిన గదమ్మా' అని మొత్తుకుంటుంటే ఆ పిల్ల ఆయన చేతిలో బ్రష్ పెట్టి, 'సూపర్ అంకుల్, మీరు కూడా ట్రై చేయండి' అంది. తరతరాలుగా కుండల మీద గీతలు గీసిన చెయ్యి అది.

సరే, ఇవన్నీ నవ్వుకుని ఇంటికి పోయేవే. హల్దీ దగ్గరే నాకు నవ్వు రాలేదు.

'ఇది మన పర్సనల్ వెడ్డింగ్, రూల్స్ ఏం లేవు, మనసుకు దగ్గరివాళ్లంతా రండి' అని మైకులో పిలిచారు. పెండ్లిపిల్లను పెంచింది మేనత్త. మొగుడు పోయి చానా ఏండ్లయింది. ప్లానర్ ఆర్గానిక్ పసుపే కావాలంటే, ముందురోజు రాత్రి కొమ్ములు దంచింది ఆమె ఒక్కతే. గోళ్ల సందున ఇంకా పచ్చగానే ఉంది. ఆమె లేచి వచ్చి గిన్నెలో చెయ్యి పెట్టబోతే ఒకామె మణికట్టు పట్టుకుంది: 'నువ్వొద్దులే వదినె, జర పక్కకు కూసో.' డ్రోన్ పైన తిరుగుతూనే ఉంది. మైకు ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంది. ఎవ్వరూ ఏమీ అనలేదు, పెండ్లిపిల్లా అనలేదు, నేనూ అనలేదు.

కందుకూరి 1881లో రాజమహేంద్రవరంలో వితంతువుకు పెండ్లే చేశాడు. మీరు 4కే కెమెరాలు తెచ్చి, ఆమెను పసుపు గిన్నె ముట్టనివ్వరా? మంగళవాద్యం తీసేయొచ్చు, పందిరి తీసేయొచ్చు, ఐరేణి కుండ మీద ఎలుగుబంటి వేయొచ్చు, ముహూర్తాన్ని కేక్ కటింగ్ కోసం జరపొచ్చు. అన్నీ మీ ఇష్టం. ఈ ఒక్కటి మాత్రం శాస్త్రం! సిగ్గు లేకపోతే సరి.

ప్లానర్లకు ఒక యాక్టివిటీ ఉచితంగా ఇస్తున్నా. పేరు మీరే పెట్టుకోండి, హ్యాష్‌ట్యాగ్ మీదే. పాంపస్ గడ్డి అక్కర్లేదు, ఐదు నిమిషాల పని. ఇంట్లో మొగుడు పోయిన అత్తో పెద్దమ్మో ఉంటుంది, అందరికంటే ముందు ఆమెతో పసుపు పెట్టించండి. డ్రోన్‌ను కిందికి దింపి ఆ చేతిని తీయండి. చెయ్యి పట్టుకుని ఆపబోయిన మనిషి ముఖం కూడా దగ్గర నుంచి తీయండి. ఆల్బంలో మొదటి పేజీలో అదే వేయండి, పేరుతో సహా.