ఎనిమిది బార్ల దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు?

కంప్యూటర్ మీద సంగీతం చేయడం కొత్తగా మొదలుపెట్టిన వాళ్ల ఫోల్డర్ తెరిస్తే దాదాపు ఒకే రకం ఫైళ్లు కనిపిస్తాయి. ‘న్యూ బీట్’, ‘న్యూ బీట్ 2’, ‘బీట్ ఫైనల్’, ‘బీట్ ఫైనల్ కొత్తది’. ఏది ప్లే చేసినా ఎనిమిది బార్లే (ఒక బార్ అంటే నాలుగు బీట్లు). నిమిషానికి 124 బీట్ల వేగంలో ఎనిమిది బార్లంటే పదిహేనున్నర సెకన్లు. ఆదితాళం లెక్కలో చెప్పాలంటే నాలుగు ఆవర్తనాలు. కిక్ (డ్రమ్ లోతైన దెబ్బ) బాగుంటుంది, బేస్ బాగుంటుంది, పైన వచ్చే చిన్న మెలొడీ ఇంకా బాగుంటుంది. పదహారో సెకనుకి అంతా మళ్లీ మొదటికి వస్తుంది. అక్కడి నుంచి పాట ముందుకు కదలదు. వారం తిరిగేసరికి దాన్ని వదిలేసి ఇంకో ఫైల్ తెరుస్తారు.

ఇలా ఆగిపోయిన చాలామంది తమకు ప్రతిభ లేదనుకుంటారు, లేదంటే మంచి పరికరాలు లేవనుకుంటారు. రెండూ కావని నా నమ్మకం. అసలు చిక్కు పని చేసే పద్ధతిలో ఉంది. ఎఫ్ఎల్ స్టూడియో అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో పని మొదలయ్యేదే 16 గళ్ల ప్యాటర్న్‌తో. అలాంటిదే అయిన ఏబుల్టన్ లైవ్‌లో సెషన్ వ్యూ అనే తెర అంతా లూప్‌ల (మళ్లీ మళ్లీ తిరిగే ముక్కల) గళ్లే. ఆలోచన రాగానే పట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. కానీ లూప్ తిరుగుతున్నంతసేపు ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు. సౌండ్ రేపు మార్చుకోవచ్చు, వేగం ఎల్లుండి మార్చుకోవచ్చు, నచ్చకపోతే అన్‌డూ ఉండనే ఉంది. ఈలోగా చెవి అలసిపోతుంది. అదే పదిహేను సెకన్లు సాయంత్రమంతా వింటే ఎంత మంచి బీటైనా చప్పగా అనిపిస్తుంది. అది చెవి అలసట అని తెలియక, బీట్‌లోనే ఏదో తక్కువైందనుకుని ఇంకో లేయర్ (శబ్దపు వరస) కలుపుతారు. ఆ పైన ఇంకొకటి. రాత్రికి ఇరవై లేయర్లు తేలతాయి, అన్నీ మొదటి బార్ నుంచే మోగుతుంటాయి. ఇక పాటలో కొత్తగా రావడానికి ఏమీ మిగలదు.

ఈ దశలో ఇంటర్నెట్ ఇచ్చే సలహా ఒకటే: ఇంకో ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కు తగిలించే అదనపు వాద్యం లేదా ఎఫెక్ట్) కొను, ఇంకో ట్యుటోరియల్ చూడు. ఎలక్ట్రానిక్ సంగీతం చరిత్ర మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకంగా నడిచింది. రోలాండ్ కంపెనీ 1981లో టీబీ-303 అనే చిన్న పెట్టెను తెచ్చింది. ఒంటరిగా సాధన చేసే గిటారిస్టుకి తోడుగా బేస్ వాయించడం దాని పని. దాని శబ్దం బేస్ గిటార్‌లా లేదు, ప్రోగ్రామ్ చేయడం తలనొప్పి. 1984కల్లా తయారీ ఆపేశారు, సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికేది. షికాగోలో ఫ్యూచర్ అనే బృందం కుర్రాళ్లు అలా దొరికిన పెట్టెలో ప్యాటర్న్ తిరుగుతుండగా ఫిల్టర్ నాబ్‌లు తిప్పుతూ రికార్డ్ చేశారు. 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’ పేరుతో వచ్చిన ఆ రికార్డు నుంచే యాసిడ్ హౌస్ అనే డ్యాన్స్ సంగీత శైలికి పేరొచ్చింది. వాళ్ల దగ్గర ఎంచుకోవడానికి వేరే సౌండ్ లేదు. ఉన్న ఒక్క సౌండ్‌నే పన్నెండు నిమిషాల పాటు ఎలా మార్చాలా అన్నదే వాళ్ల ముందున్న ప్రశ్న. కొత్తగా నేర్చుకునేవాళ్లు వేసుకోవాల్సిన ప్రశ్న కూడా అదే.

అంతకు ఐదేళ్ల ముందే, 1982లో, బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ చేసిన పని మనకు ఇంకా దగ్గరిది. హిందీ సినిమాల్లో వాద్యకారుడిగా పనిచేసిన ఆయన అదే టీబీ-303, టీఆర్-808 డ్రమ్ మెషిన్, జూపిటర్-8 సింథసైజర్ పెట్టుకుని పది హిందుస్తానీ రాగాలను డిస్కో బీట్ మీద వాయించి రికార్డు విడుదల చేశారు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ఆశ్చర్యపోయింది, 2015లో చనిపోయేలోపు ఆయన విదేశీ వేదికల మీద కూడా వాయించారు. యాసిడ్ హౌస్‌ని ఎవరు ముందు కనిపెట్టారన్న వాదన మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. ఆ రికార్డులో పని ఎలా జరిగిందన్నది ముఖ్యం. రాగం ఎంచుకోగానే సగం నిర్ణయాలు అయిపోయాయి: ఏ స్వరాలు ఉంటాయి, ఏవి ఉండవు, ఆధారం ఏది. తాళం యంత్రానికి అప్పగించారు. మిగిలింది వాయించడమే.

ఈ సౌకర్యం తెలుగు కుర్రాళ్లకు పుట్టుకతో వచ్చినంత దగ్గరగా ఉంది. కాస్త కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. ఆ రికార్డులోని భూపాలీ మన మోహనం, మాల్కౌన్స్ మన హిందోళం. హిందోళంలో ఒక లూప్ చేద్దామనుకోండి. స్వరాలు స, గ, మ, ధ, ని. పంచమం లేదు. బేస్‌లో అలవాటుగా మైనర్ కార్డ్ (మూడు స్వరాలు కలిపి మోగించేది) పెట్టారో, అందులోని పంచమం వచ్చి రాగాన్ని అక్కడే చంపేస్తుంది. బేస్ స, మ మధ్య నడవాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే మెలొడీ దానంతటదే ఒక దారిన పడుతుంది, కార్డ్‌ల గురించి టెన్షన్ ఉండదు. ఇంకో సంగతి. టీబీ-303లో స్లైడ్ అని ఒక సదుపాయం ఉంది, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. గమకాల్లో జారు తెలిసిన చెవికి దాన్ని ఎక్కడ వాడాలో ఎవరూ నేర్పక్కర్లేదు. ఇప్పుడు చాలా ఉచిత సింథ్‌లలో (సింథసైజర్లలో) గ్లైడ్ పేరుతో అదే ఉంటుంది.

లూప్ నుంచి పాటకు వెళ్లే దారి దగ్గర కాసేపు ఆగాలి, ఎక్కువమంది చేతులెత్తేసేది ఇక్కడే. నేను గట్టిగా సిఫారసు చేసేది తీసేసే పద్ధతి. మీ ఎనిమిది బార్లను టైమ్‌లైన్ మీద పన్నెండుసార్లు వరసగా అతికించండి. 96 బార్లు, 124 వేగంలో మూడు నిమిషాల ఆరు సెకన్లు. అన్ని లేయర్లూ మొదటి నుంచి చివరి దాకా నిండి ఉంటాయి, వినడానికి భరించలేనట్టు ఉంటుంది. ఇప్పుడు కొత్తగా ఒక్క స్వరం కూడా కలపకుండా చెరపడమే చేయండి. మొదటి 16 బార్లలో కిక్, హైహ్యాట్ (సన్నటి సింబల్ చప్పుడు) తప్ప అన్నీ తీసేయండి. బేస్ 17వ బార్‌లో రానివ్వండి. మెలొడీని 33 దాకా దాచండి. 49 నుంచి 64 వరకు కిక్, బేస్ రెండూ తీసేసి మెలొడీని ఒంటరిగా వదలండి. 65లో కిక్ తిరిగొచ్చినప్పుడు కలిగే ఊపు ఏ ప్లగిన్‌తోనూ రాదు. ఆ ఊపు శబ్దం ఎంత పెద్దదన్న దాని నుంచి పుట్టదు, అంతకుముందు 16 బార్లు అది లేకపోవడం నుంచి పుడుతుంది. చివరి 16 బార్లలో ఒక్కొక్కటిగా దించుకుంటూ వెళ్తే పాట పూర్తయినట్టే. ఈ లెక్కలు శిలాశాసనాలేమీ కావు. మీకు నచ్చిన ఒక పాటను టైమ్‌లైన్‌లో పెట్టి, ఏ బార్‌లో ఏం వచ్చింది, ఏం పోయింది అని గుర్తులు పెట్టుకుని ఆ కొలతలే వాడుకోవచ్చు. కొలతలు వాడుకోవడం దొంగతనం కాదు.

సౌండ్‌ల వేట వేరు, పాట కట్టడం వేరు. ఈ రెండింటినీ ఒకే సాయంత్రం పెట్టుకోవద్దు. స్నేర్ (డ్రమ్ చురుకైన దెబ్బ) కోసం వెయ్యి శాంపిళ్లు (రికార్డ్ చేసిన శబ్దపు ముక్కలు) వింటూ కూర్చుంటే అరగంటలో మెలొడీ మర్చిపోతారు. ఒక రోజు సౌండ్‌లకే కేటాయించి, పది పన్నెండు ఎంచి ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటే పాట కట్టేరోజు ఆ ఫోల్డర్ దాటాల్సిన పని ఉండదు. ఆ ఫోల్డర్‌లో సొంతంగా రికార్డ్ చేసినవి కొన్నైనా ఉండాలి. చేటలో బియ్యం చెరిగే చప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేసి, 300 హెర్ట్జ్ కింద ఉన్నదంతా ఫిల్టర్‌తో కోసేసి చూడండి, చక్కటి షేకర్ అవుతుంది. డప్పు దొరికితే ఇంకా మంచిది. చర్మం బిగియడానికి మంట దగ్గర కాస్తారు కాబట్టి, కాచిన వెంటనే రికార్డ్ చేయాలి. చల్లారేకొద్దీ శ్రుతి దిగుతుంది, ఒకే డప్పు దెబ్బలు రెండు రకాలుగా వస్తాయి. చిర్ర (లావు పుల్ల) దెబ్బలను, సిటికెన పుల్ల (సన్నటి పుల్ల) దెబ్బలను విడివిడిగా తీసుకుంటే తర్వాత కూర్చుకోవడం సులువు.

డప్పును గ్రిడ్‌లోకి తెచ్చేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. సాఫ్ట్‌వేర్ మామూలుగా ఒక్కో బీట్‌ను నాలుగు ముక్కలు చేస్తుంది. మన ఊరేగింపు దరువుల్లో చాలా వాటి నడక మూడు ముక్కలది, అంటే తిస్ర గతి. 16 గళ్లలో దాన్ని ఇరికిస్తే కాళ్లు కదలవు. ప్యాటర్న్‌ను 12 గళ్లకు మార్చాలి, లేదా స్వింగ్ (రెండో ముక్కను కాస్త ఆలస్యంగా మోగించే సదుపాయం) వాడాలి. డ్రమ్ మెషిన్లకు స్వింగ్ నేర్పిన రోజర్ లిన్ పెట్టిన కొలత ప్రకారం 50 శాతం అంటే పూర్తిగా సమంగా, 66 శాతం అంటే సరిగ్గా తిస్రం. రుచి ఉండేది ఆ రెండింటి మధ్యలో. 54 నుంచి 62 దాకా ఒక్కో అంకె పెంచుతూ వినండి, మీ దరువు ఎక్కడ ఊగుతుందో శరీరమే చెబుతుంది.

ఇక మిక్సింగ్ (శబ్దాల పాళ్లు సరిచేయడం), సాంకేతిక విషయాలు. మొదటి ఏడాది వీటికి కొత్తవాళ్లు ఇచ్చేంత విలువ ఇవ్వక్కర్లేదని నా ఉద్దేశం. కీబోర్డ్ నొక్కాక స్వరం ఆలస్యంగా వినిపిస్తుంటే బఫర్ సైజును (కంప్యూటర్ ఒక్కో విడత తీసుకునే శబ్దపు ముక్క పొడవును) 128కి దించండి, మిక్స్ చేసేటప్పుడు 1024కి పెంచండి. రిఫరెన్స్ పాటతో పోల్చేటప్పుడు దాని వాల్యూమ్‌ను మీ పాట స్థాయికి తగ్గించండి, పెద్దగా వినిపించేది మన చెవికి ఎప్పుడూ మెరుగ్గానే తోస్తుంది. స్పాటిఫై లాంటివి మామూలుగా అన్ని పాటల శబ్దాన్నీ దాదాపు ఒకే స్థాయికి తెచ్చి వినిపిస్తాయి, కాబట్టి లిమిటర్‌తో (శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని సాధనంతో) పాటను నలిపేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. డబ్బు లేకపోతే ఫోన్‌లో బ్యాండ్‌ల్యాబ్ ఉచితం, ల్యాప్‌టాప్ ఉంటే వైటల్ అనే మంచి సింథ్ ఉచితం. ఇంగ్లండ్‌కు చెందిన బరియల్ అనే కళాకారుడు తన 2007 ఆల్బమ్‌ను బీట్లు కట్టే సాఫ్ట్‌వేరే లేకుండా సౌండ్ ఫోర్జ్ అనే ఎడిటర్‌లో తరంగాలను కంటితో చూసి పేర్చుతూ చేశారు.

అన్నిటికంటే ముఖ్యమైన అలవాటును మన డీజే రీమిక్స్ కుర్రాళ్ల దగ్గర నేర్చుకోవాలి. తెలంగాణలో బోనాలు, బతుకమ్మ, నిమజ్జనం, పెళ్లి బరాత్‌ల కోసం రీమిక్స్‌లు చేసేవాళ్లను ‘సీరియస్’ సంగీతం చేస్తున్నామనుకునేవాళ్లు చిన్నచూపు చూస్తారు. అది నాకు బాధ కలిగించే విషయం. పాత ల్యాప్‌టాప్ మీద, మామూలు స్పీకర్లతో వాళ్లు ఏడాదికి చేసే పాటలు, మంచి స్టూడియో మానిటర్లు కొనుక్కున్నవాళ్లు మూడేళ్లలో కూడా పూర్తి చేయరు. కారణం ఒకటే. ఊరేగింపుకి తేదీ ఉంటుంది. ఆ సాయంత్రానికి పెన్‌డ్రైవ్‌లో పాట ఉండాలి. జనం ఎక్కడ ఎగిరారు, ఎక్కడ ఆగిపోయారు అన్నది ఆ రాత్రే తెలుస్తుంది, తర్వాతి పాటకు ఆ పాఠం పనికొస్తుంది. షికాగోలో జరిగిందీ ఇదే. ‘యాసిడ్ ట్రాక్స్’ ఇంకా టేప్‌గా ఉన్నప్పుడే రాన్ హార్డీ అనే డీజే దాన్ని క్లబ్‌లో ఒకే రాత్రి మళ్లీ మళ్లీ వేశాడని, మొదట ఖాళీ అయిన ఫ్లోర్ చివరికి ఊగిపోయిందని ఆ బృందం వాళ్లు చెబుతారు.

రీమిక్స్ పద్ధతిలో లోపం లేకపోలేదు. పాట వేరేవాళ్లది, అనుమతి ఉండదు, యూట్యూబ్‌లో కాపీరైట్ స్ట్రైక్ పడితే కష్టమంతా మాయమవుతుంది. జానపద పాట పాడినవాళ్లకు, డప్పు కొట్టినవాళ్లకు రూపాయి కూడా అందదు. అందుకే నేను కోరేది, వాళ్ల తేదీ క్రమశిక్షణను సొంత పాటకు వాడమని. పక్క ఊరి డప్పు కళాకారుణ్ని పిలిచి, డబ్బు ముందే మాట్లాడుకుని, ఒక గంట రికార్డ్ చేసుకోండి. హిందోళమో మోహనమో ఒకటి అనుకోండి. ఊళ్లో తర్వాత వచ్చే పండగ తేదీ క్యాలెండర్‌లో రాసి, దానికి వారం ముందే 96 బార్లు పూర్తి చేసి, ఒక డీజే మిత్రుడి చేతికి పెన్‌డ్రైవ్ ఇచ్చి రెండు పాటల మధ్యలో వేయమనండి. పాట విడుదల చేసినప్పుడు డప్పు కళాకారుడి పేరు మీ పేరు పక్కనే ఉండాలి.