జూలై 30, సాయంత్రం ఆరున్నర, తాళంచెవి లేదు

అమెరికాలోని యూటా రాష్ట్రానికి దక్షిణపు అంచున పాన్సగంట్ అనే పీఠభూమి ఉంది. అక్కడ ఒక నీటి కుంట, కుంట పక్కన ఒక జూనిపర్ చెట్టు, చెట్టు ముందు నడుం మీద చేతులేసుకుని ఒక వేటగాడు. చెట్టుకు ట్రెయిల్ కెమెరా ఉంది, అంటే ముందు జంతువు కదిలితే తనంతట తానే ఫొటో తీసే రకం. కెమెరాకు తాళం ఉంది. తాళంచెవి మాత్రం సాల్ట్ లేక్ సిటీలో, ఇంట్లో, ఇంకో గుత్తిలో ఉంది. అంటే దాదాపు 500 కిలోమీటర్ల దూరం. గడియారంలో పన్నెండు కొట్టగానే ఆ కెమెరా అక్కడ ఉండకూడని వస్తువైపోతుంది.

ఆ మనిషిని తొందరపడి తిట్టకండి. పాన్సగంట్‌లో పెద్ద కొమ్ముల మ్యూల్ డీర్ ఉంటాయి. కంచరగాడిద చెవులంత చెవులున్న జింక కాబట్టి దానికా పేరు. అక్కడ వేటాడాలంటే తుపాకీ ఉంటే చాలదు, ప్రభుత్వం తీసే లాటరీలో పర్మిట్ తగలాలి. తగలని ఏడాదికి ఓదార్పుగా ఒక పాయింటు ఇస్తారు. అలా పాయింట్లు పోగేసుకుంటూ జుట్టు నెరిసిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. అన్నేళ్ల తర్వాత పర్మిట్ తగిలితే మనిషి ఊరుకుంటాడా? జూన్‌లోనే వెళ్లి నీళ్లున్న చోటల్లా కెమెరా కట్టేస్తాడు. ఎడారి లాంటి ఆ నేలలో వేసవిలో జింక ఎక్కడైనా తినొచ్చు గానీ ఎక్కడపడితే అక్కడ తాగలేదు. అందుకే కుంట దగ్గర కాపు కాస్తే ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. ఈ సూత్రం ఇతనికి తెలుసు. జిల్లాలో మిగతా వేటగాళ్లందరికీ కూడా తెలుసు. అసలు గొడవంతా అక్కడే.

అది ప్రజల భూమి. ఫారెస్ట్ సర్వీసుదో, భూ నిర్వహణ బ్యూరోదో అయి ఉంటుంది. చెట్టు ఎవరి సొంతమూ కాదు. ముందు కెమెరా కట్టినవాడికి ఆ చోటు మీద హక్కు వస్తుందని ఏ చట్టంలోనూ లేదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టే ఇది కూడా. వేసినవాడికి అది రిజిస్ట్రీ చేసిన దస్తావేజు, ఎక్కినవాడికి ఒట్టి గుడ్డముక్క.

కెమెరా కట్టడంలో ఇతను తప్పేం చేయలేదు, చాలావరకు. నేల నుంచి మూడడుగుల ఎత్తు, అంటే జింక ఛాతీ మట్టం. కటకం ఉత్తరానికి తిప్పాడు. తూర్పుకో పడమటికో తిప్పితే పొద్దునో సాయంత్రమో సూర్యుడు నేరుగా కంట్లో పడి ఫొటో తెల్లకాగితంలా వస్తుంది. దారికి అడ్డంగా కాకుండా నలభై అయిదు డిగ్రీల వాలున పెట్టాడు. అడ్డంగా పెడితే సెన్సర్ మేలుకునేలోపు జింక దాటిపోయి ఫొటోలో తోక మిగులుతుంది. ఎనిమిది డబుల్ ఏ బ్యాటరీలూ లిథియంవే, అన్నీ ఒకే పెట్టెలోవి. పాతవీ కొత్తవీ కలిపితే నీరసపడ్డ పాతది కొత్తవాటిని కూడా లాగేస్తుంది. 32 జీబీ కార్డును కంప్యూటర్లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేశాడు. ఇంత శ్రద్ధా పెట్టినవాడు కటకం ముందున్న గుప్పెడు గడ్డి మాత్రం పీకలేదు.

ఆ గడ్డి విలువ తర్వాత తెలిసింది. ఈ కెమెరాలో ఉండే, వేడిని పసిగట్టే పీఐఆర్ సెన్సర్‌కు జింక ఏమిటో తెలియదు. వెనకున్న వేడికీ ముందు కదిలే వేడికీ తేడా కనిపిస్తే క్లిక్ కొట్టడమే దాని పని. ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగితే దాని లెక్కలో అదీ జంతువే. మిట్టమధ్యాహ్నం నేల జింక ఒంటి వేడికి సమానంగా కాగిపోతే నిజం జింక నడిచి వెళ్లినా దానికి కనిపించకపోవచ్చు. రెండు వారాలకు కార్డు తీసి చూస్తే గడ్డి ఫొటోలు రెండు వేలు. రకరకాల భంగిమల్లో, ఒక్కో భంగిమకు మూడేసి చొప్పున.

గడ్డి పీకేశాక ఆవులొచ్చాయి. ఆ భూముల్లో పశువుల పెంపకందారులు ప్రభుత్వానికి రుసుము కట్టి మేపుకుంటారు. కుంట తవ్విందే చాలాసార్లు వాళ్ల పశువుల కోసం. ఆవు నీళ్లు తాగి వెళ్లిపోదు. నిలబడుతుంది, నెమరేస్తుంది, కటకంలోకి చూస్తుంది, నాకుతుంది, చివరికి అదే చెట్టుకు వీపు రుద్దుకుంటుంది. పట్టీ జారి కెమెరా ఆకాశం వైపు తిరిగిపోతుంది. ఆ తర్వాత పది రోజులూ మబ్బుల కదలికల మీద అద్భుతమైన ఫొటోలొచ్చాయి. పట్టీ ఒక్కటే కడితే గతి ఇంతే. కెమెరా వెనక చిన్న కొమ్మముక్కను చీలగా దూర్చి, పైన ఇంకో పట్టీ బిగిస్తే ఆవు వీపును కొంతవరకు తట్టుకుంటుంది. ఎలుగుబంటిని తట్టుకోవాలంటే ఉక్కు పెట్టె కావాలి. ప్లాస్టిక్ వాసన దానికి ఎందుకంత ఇష్టమో గానీ, ముందు కొరికి చూశాకే ఆలోచిస్తుంది.

మన దేశంలో వేటకు 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు కాబట్టి మనవాళ్లు ఇలాంటి కెమెరాలు పులుల్ని లెక్కపెట్టడానికి కడతారు. నల్లమలలో దారికి రెండువైపులా ఎదురెదురుగా రెండు ఉంటాయి, ఎందుకంటే పులి కుడిపక్క చారలు ఎడమపక్కవాటిలా ఉండవు. 2022 లెక్కింపులో దేశమంతటా 32,588 చోట్ల కెమెరాలు పెడితే 4.7 కోట్ల ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులున్నవి 97,399. అంటే దాదాపు 480 ఫొటోలకు ఒక పులి. మిగతావాటిలో ఏమున్నాయో పాన్సగంట్ వేటగాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆవుల తర్వాత మనుషులొచ్చారు. ఒకరోజు కార్డులో ఒక టోపీవాలా కనిపించాడు. చెట్టు దాకా వచ్చి కెమెరాను చూసి నవ్వాడు. ఎదురు చెట్టుకు తన కెమెరా కట్టుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి రెండు కెమెరాలూ కుంటను వదిలేసి ఒకదాన్నొకటి ఫొటో తీసుకుంటూ కూర్చున్నాయి. వారం తిరిగేసరికి మూడోది, నాలుగోది. జింక తల వంచి నీళ్లు తాగుతుంటే ప్రెస్‌మీట్‌లో మంత్రిగారి ముందు మైకుల్లా కటకాలు. దాని దాహం సంగతెలా ఉన్నా, కార్డులు మార్చుకోవడానికి వచ్చే మనుషుల రద్దీ చూసి అది వేళ మార్చుకుంది. రాత్రి రెండింటికి రావడం మొదలుపెట్టింది. రాత్రి ఫొటోలకు ఎర్రగా మిణుకుమనే 850 నానోమీటర్ల దీపాలున్న కెమెరా అయితే జింక ఆ మిణుకును కూడా గమనిస్తుంది. 940 రకం దీపాలు కంటికి ఆనవు గానీ ఫొటో మసకగా, దగ్గరిదే తప్ప కనిపించకుండా వస్తుంది.

తర్వాత దొంగతనం. ఇందులో ఉన్న సొగసు ఏమిటంటే, దొంగ ముఖం స్పష్టంగా, తేదీ సమయాలతో సహా రికార్డవుతుంది. ఆ రికార్డు దొంగతో పాటే వెళ్లిపోతుంది. నిరుడు ఇతని మొదటి కెమెరా అలాగే పోయింది. అందుకే ఈసారి కొన్నాడు ఎనిమిది మిల్లీమీటర్ల మందం ఉక్కు తీగ తాళం. అల్లిన పోగులు, పైన ప్లాస్టిక్ తొడుగు. బిగించాక ఎంత లాగినా సడలదు. పెట్టె మీద 'కోయడం కష్టం' అని రాసి ఉంది. ఆ మాట చూసే కొన్నాడు.

ఇప్పుడు రూల్స్ సంగతి. వీటివల్లే మనవాడికి సాయంత్రం ఆరున్నరకు చెమటలు పట్టాయి. పక్క రాష్ట్రం ఆరిజోనా ఈ రద్దీ చూసి విసిగిపోయి 2021 జూన్‌లో తేల్చేసింది. 2022 జనవరి 1 నుంచి వేట కోసం ట్రెయిల్ కెమెరా వాడకూడదు. ఏ నెలలోనూ, ఎవరి భూమిలోనూ. ఉడతల మీద ప్రేమతో పెట్టుకుంటే అభ్యంతరం లేదు. ఆ రూలు వచ్చాక ఆరిజోనాలో ఉడతల ప్రేమికులు ఒక్కసారిగా పెరిగారని ఎవరైనా అంటే నమ్మకండి, కానీ మరీ అంత కొట్టిపారేయకండి. నెవాడాలో ప్రజల భూమిలో ఆగస్టు 1 నుంచి డిసెంబర్ 31 దాకా నిషేధం. సిమ్ ఉండి ఫొటోను నేరుగా ఫోనుకు పంపగలిగే రకమైతే నిషేధం ఒక నెల ముందే, జూలై 1కే మొదలు. ఆ రకాన్ని వేటగాళ్లలోనే చాలామంది ఒప్పుకోరు. ఫోనులో జింక కనిపించిన పది నిమిషాలకు వెళ్లి కాల్చడం వేట అనిపించుకోదని కొమ్ముల కొలతల రికార్డులు రాసే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అలా కొట్టిన కొమ్ముల్ని తన రికార్డుల్లో చేర్చుకోదు. న్యాయమే. కోడిని ఆర్డరిచ్చి తెప్పించుకుని వేటాడానంటే ఎవరూ ఒప్పుకోరు కదా.

యూటా వన్యప్రాణి బోర్డు 2022 జనవరిలో తన తేదీ పెట్టుకుంది. జూలై 31 నుంచి డిసెంబర్ 31 దాకా వద్దు. ఫొటోలు అమ్ముకోవడం, కొనుక్కోవడం కూడా కుదరదు. అంతకుముందు కొమ్ముల కొలతను బట్టి ఫొటోలకు బేరాలు నడిచేవి. నెవాడాకూ యూటాకూ తేడా ఒక్కటంటే ఒక్క రోజు. ఇతను నెవాడాలో వేటాడి వచ్చినవాడు. 'జూలై నెలంతా మనదే' అని బుర్రలో నాటుకుపోయింది. ముప్పై ఒకటిన తీరిగ్గా వచ్చి, తాళంచెవి తెచ్చుకుని, ఊరికి వెళ్లిపోవాలన్నది పథకం. ముప్పైన కేవలం కుంటలో నీళ్లెంత ఉన్నాయో చూద్దామని ముందుగా బయల్దేరాడు. దారిలో కనాబ్ ఊళ్లో పెట్రోలు కొట్టించుకుంటూ, కౌంటర్ మీదున్న ఉచిత రూల్స్ పుస్తకం తిరగేశాడు. అదే అతను చేసిన తప్పు. చదవకపోతే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాడు.

చెట్టు దగ్గరికొచ్చి చేయగలిగినవన్నీ చేశాడు. తలుపు తెరిచి కార్డు, బ్యాటరీలు తీసేశాడు. ప్రాణం లేని కెమెరా కెమెరానా కాదా అని తనతో తానే వాదించుకున్నాడు. బ్యాటరీలు మళ్లీ వేసి చూశాడు. గడియారం మొదటికొచ్చి జనవరి 1, అర్ధరాత్రి 12 చూపించింది. జనవరి 1న యూటాలో ఏ నిషేధమూ లేదు! కెమెరా లెక్క ప్రకారం అంతా చట్టబద్ధమే. ఈ వాదన అధికారి ముందు ఎలా ఉంటుందో ఊహించుకుని మళ్లీ బ్యాటరీలు తీసేశాడు. కొమ్మ నరికి తీగను పైనుంచి లాగేద్దామంటే అది ప్రజల చెట్టు, నరికితే ఇంకో కేసు. జేబులో ఉన్న ప్లైయర్లతో తీగను కొరికిస్తే ప్లాస్టిక్ తొడుగు లేచింది, ఉక్కు నవ్వింది. పెట్టె మీది మాటలో అబద్ధం లేదు.

ఏడున్నరకు దుమ్ము రేపుకుంటూ ఒక పికప్ వచ్చింది. దిగినవాడు టోపీవాలా. తన కెమెరా తాళం తీసుకున్నాడు, పట్టీ చుట్టుకున్నాడు, ఇతని అవస్థ చూశాడు. "తాళంచెవి మరిచారా?" అని అడిగాడు. ఇతను తలూపాడు. టోపీవాలా బండి వెనక్కి వెళ్లి, సీటు కింద చేయి పెట్టి, రెండడుగుల పొడవున్న పనిముట్టు తీసుకొచ్చాడు.

బోల్ట్ కటర్ కాదది. బోల్ట్ కటర్ అల్లిన తీగను నలిపి చదును చేస్తుందే తప్ప సరిగ్గా తెంపదు, పోగులు అటూ ఇటూ జారిపోతాయి. ఇది వంపు దవడలున్న అసలు కేబుల్ కటర్. తీగను చుట్టూ పట్టుకుని లోపలికి లాక్కుంటూ కోసే రకం. జింక వేటకు వెళ్లేవాడి సామాన్లలో దీనికి చోటు ఉండదు.

"ముందు తొడుగు చీల్చండి, లేకపోతే జారుతుంది," అన్నాడు టోపీవాలా. "మధ్యలో కాదు, తాళం పక్కనే పట్టండి, అక్కడ తీగ బిగుతుగా ఉంటుంది. మూడో నొక్కుకు తెగుతుంది."

మూడో నొక్కుకు తెగింది.