ఓడకు జేజేలు, రేవుకు మొండిచెయ్యి

ఒక్క మేకు కొట్టకుండా, కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టి కట్టిన ఓడ అది. ఇంజిన్ లేదు. గాలి పడిపోతే ఓపిక పట్టాల్సిందే. మన నౌకాదళం వారి కౌండిన్య 2025 డిసెంబర్ 29న పోర్‌బందర్‌లో బయలుదేరి జనవరిలో మస్కట్ చేరింది. అజంతా గుహలోని ఓడ బొమ్మే దానికి నమూనా. ఆ వార్త చూసి మేమూ పొంగిపోయాం. అయితే ఆ సంబరంలో అందరి నోటా వినిపించిన ‘మన నౌకా వారసత్వం’ అన్న మాట దగ్గరే మాకు పేచీ. బొమ్మ చూసి కట్టిన ఓడకే ఇంత సంబరమైతే, అసలు ఓడలు ఆగిన రేవుల సంగతేమిటి?

దూరం వెళ్లక్కర్లేదు. బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో మోటుపల్లి ఉంది. ఉప్పుమళ్లు, రొయ్యల చెరువులు ఉన్న ఆ మండలంలో ఒకప్పుడు పరదేశి ఓడలు లంగరు వేసేవంటే ఇవాళ నమ్మడం కష్టం. నమ్మకపోతే వీరభద్రస్వామి గుడి దగ్గరి రాతి స్తంభమే సాక్ష్యం. శక సంవత్సరం 1166, అంటే 1244-45లో కాకతీయ గణపతిదేవుడు దాని మీద ఒక మాట చెక్కించాడు. మాట అనడం తక్కువే, అది పూచీ.

తుఫానుకు ఓడ పగిలి తీరానికి కొట్టుకొస్తే, అందులోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఆ తీరం రాజువే. అప్పట్లో అదే ఆనవాయితీ. ఓడ మునిగి ఏడుస్తున్నవాడి మూటను కూడా లాక్కునేవారన్నమాట. గణపతిదేవుడు ఇది కుదరదన్నాడు. ప్రాణం కంటే ధనమే ముఖ్యమని తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా వారికే వదిలేస్తున్నామని రాయించాడు. ఎగుమతి అయినా దిగుమతి అయినా సుంకం 30లో ఒక వంతు. శ్రీగంధం, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టుదారం, మిరియాలు, పోకలు... ఏ సరుకుకు ఎంతో కూడా ఆ రాతి మీదే ఉంది. ఇప్పటి భాషలో చెప్పాలంటే రేట్ల బోర్డు. రేవులో దిగిన వర్తకుడిని ఏ సుంకరీ ‘ఇంకొంచెం’ అని పీడించకుండా రాజు పెట్టించిన బోర్డు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి కూడా ఇక్కడే వర్తకులకు మళ్లీ అభయమిస్తూ శాసనం వేయించాడు. నడుమ వెనిస్ వర్తకుడు మార్కోపోలో ఈ రాజ్యాన్ని ‘ముత్ఫిలి’ పేరుతో రాసుకున్నాడు. రాణి పాలనను, వజ్రాలను, సాలెగూడంత సన్నని ఇక్కడి బట్టలను మెచ్చుకున్నాడు. చీరాలలో మగ్గం ఇంకా ఆడుతూనే ఉంది మరి.

ఇంత చరిత్ర ఉన్న రాయి మనకు చివరికి ఏమైంది? గ్రూప్స్ పరీక్షలో ఒక బిట్టు. ‘మోటుపల్లి అభయ శాసనం వేయించినదెవరు?’ నాలుగు ఆప్షన్లు, ఒక మార్కు. కోచింగ్ సెంటర్లలో లక్షలమంది పిల్లలు దాన్ని కంఠతా పడతారు. వారిలో ఆ రాతిని కళ్లారా చూసినవారెందరు? పోనీ చూడటానికి వెళ్లారే అనుకుందాం. 780 ఏళ్ల నాటి అక్షరం ఇవాళ్టి తెలుగువాడికి కొరుకుడు పడదు. పక్కన నిలబడి చదివి చెప్పే మనిషి లేకపోతే అది ఉత్త రాయే. వెళ్లినవాడు దండం పెట్టుకుని, ఫోటో తీసుకుని తిరిగొస్తాడు.

ఇక డబ్బు సంగతికి వద్దాం. గుజరాత్‌లోని లోథల్‌లో జాతీయ నౌకా వారసత్వ సముదాయం కడుతున్నారు. అంచనా సుమారు 4,500 కోట్లు. 77 మీటర్ల ఎత్తున లైట్‌హౌస్ మ్యూజియం అందులో ఒక భాగం. కట్టనివ్వండి, హరప్పా కాలపు రేవుకు ఆ గౌరవం న్యాయమే, మాకేమీ కడుపుమంట లేదు. మన బాపట్ల జిల్లాలోనే సూర్యలంక బీచ్‌కు కేంద్ర పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ 2.0 కింద సుమారు 97 కోట్లు మంజూరయ్యాయి. అదీ మంచిదే. మరి అదే జిల్లాలో, అదే తీరంలో ఉన్న మోటుపల్లి వాటా ఎంత? కౌండిన్యకు చప్పట్లు కొట్టిన చేతులే దీనికి జవాబు చెప్పాలి. వారసత్వం మీద అంత ప్రేమే ఉంటే కొత్తగా కట్టే దాని మీద ఒక ప్రేమ, ఉన్నదాని మీద ఇంకో ప్రేమ ఎలా ఉంటుంది?

బీచ్‌కైతే జనం వస్తారు, రాతి కోసం ఎవరొస్తారని అధికారుల వాదన. కొత్త పోర్టులు, ఉద్యోగాలు ముందు, పాత రేవులు తర్వాత అనే వాదన కూడా ఉంది. రెండూ వినడానికి బాగానే ఉంటాయి. శనివారం వస్తే చాలు, హైదరాబాద్ నుంచి కార్లు వరసకట్టి సూర్యలంకకు, వాడరేవుకు, రామాపురానికి వస్తున్నాయి. వాడరేవు నుంచి మోటుపల్లి ఎంత దూరమని? జనం రాలేదని చెప్పేముందు జనానికి చెప్పారా? వాడరేవు పేరులోనే ‘వాడ’ ఉంది, వాడ అంటే ఓడ అని అక్కడ అలల్లో ఆడుకుంటున్న ఒక్క పిల్లవాడికైనా ఎవరైనా చెప్పారా? పోర్టుల మాటకొస్తే, 30లో ఒక వంతు సుంకానికి మించి ఒక్క కాసు తీసుకోనని రాతిమీద రాసిచ్చి వర్తకులను రప్పించిన తీరం ఇది. ఆ సంగతి పెట్టుబడుల సదస్సుల్లో చెప్పుకోవడానికి మన నాయకులకు తోచకపోవడమే విడ్డూరం.

మోటుపల్లి ఒక్కటే అనుకుంటే పొరపాటు. శాతవాహనులు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ వేయించుకున్నారు. బర్మాలో తెలుగువాళ్లందరినీ ‘కోరంగి’లనే పిలిచారు, మన కోరంగి రేవు నుంచి వెళ్లారు కాబట్టి. ఆ కోరంగిని 1839లో ఉప్పెన ముంచింది, బందరును 1864లో ముంచింది. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి, బందరులో వాళ్ల కోట ఆనవాళ్లున్నాయి. ఉప్పెన చేసింది ఉప్పెన చేసింది. మిగిలినదాన్ని మనం ఏం చేస్తున్నామన్నదే ప్రశ్న. ఒకవైపు వారసత్వ వారోత్సవాలు జరుపుతూ, ఇంకోవైపు ఆ వారసత్వాన్ని పరీక్ష బిట్టుగా మిగల్చడాన్ని రెండు నాల్కల ధోరణి అనక ఇంకేమంటారు?

మనమూ తక్కువ తినలేదు. బీచ్‌కు వెళ్తాం, బిర్యానీ పొట్లాలు, సీసాలు ఇసుకలో వదిలేసి వస్తాం. పిల్లలకు సముద్రం చూపించామని తృప్తిపడతాం. మస్కట్ చేరిన ఓడ వీడియోను వాట్సాప్‌లో పదిమందికి పంపుతాం. గంట ప్రయాణం దూరంలో ఉన్న రాతి దగ్గరికి మాత్రం టైమ్ ఉండదు. ప్రభుత్వానికి ఒక న్యాయం, మనకో న్యాయం ఉండదు గనుక ఈ మాట కూడా చెప్పాల్సి వచ్చింది.

మేం అడుగుతున్నది ఆకాశమంత లైట్‌హౌస్ కాదు. శాసనం పక్కన దాని పూర్తి పాఠం ఇవాళ్టి తెలుగులో పెద్ద అక్షరాలతో కావాలి. చదివి చెప్పడానికి ఊరివాళ్లలోనే నలుగురు కుర్రాళ్లకు శిక్షణ, జీతం కావాలి. చినగంజాం రైల్వే స్టేషన్‌లో దిగినవాడు ఆటో కోసం దిక్కులు చూడకుండా శని, ఆదివారాల్లో చీరాల నుంచి ఒక బస్సు కావాలి. ఆ రేవుకు ఏ దేశాల నుంచి ఏమొచ్చిందో, ఇక్కడి నుంచి ఏం వెళ్లిందో చూపించే ఒక గది కావాలి. అంతే.

గణపతిదేవుడు పరదేశి వర్తకుడి దగ్గర తీసుకున్నది 30లో ఒక వంతు. మా లెక్కా అదే. సూర్యలంకకు ఇచ్చిన 97 కోట్లలో 30లో ఒక వంతంటే మూడు కోట్ల పైచిలుకు. ఆ పద్దు వేరు, ఈ పద్దు వేరు అంటారా? అయితే మరో పద్దులోంచి తీయండి, వంతు మాత్రం తగ్గించొద్దు. అదీ కుదరదంటే ఆ మాటే జనానికి చెప్పండి. ఈసారి ఓడకు హారతి పట్టేటప్పుడు ‘వారసత్వం’ అన్న మాట మాత్రం ఎత్తకండి.