‘చేతిలో లేనిదాన్ని తలచుకోకు’ అనే సందేశానికి ఖండన

“నీ చేతిలో లేనిదాన్ని తలచుకోకు. నువ్వు భయపడేవాటిలో చాలావరకు జరగనే జరగవు. దిగులు పడుతున్నావంటే దేవుడిపై నమ్మకం లేనట్టే.” వానలు ముంచుకొచ్చినా, మామిడి ధర పడిపోయినా చిత్తూరు, తిరుపతి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఈ సందేశం తిరుగుతూ ఉంటుంది. పంపేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఈ మూడు మాటలూ సరికావు.

తలచుకోవద్దని అన్నంత మాత్రాన తలపు ఆగదు. 1987లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ బృందం కొందరిని ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని కోరి, గుర్తొచ్చినప్పుడల్లా గంట కొట్టమంది. వారు గంట కొడుతూనే ఉన్నారు. ఆ తర్వాత తలచుకోవచ్చని చెప్పినప్పుడు, మొదటినుంచీ ఆ స్వేచ్ఛ ఉన్నవారికంటే ఎక్కువసార్లు తలచుకున్నారు. దిగులును గెంటివేయడం కంటే, సాయంత్రం ఒక అరగంట దానికే కేటాయించి, మనసులోని భయాలన్నీ కాగితంపై రాసుకుని, మిగతా వేళల్లో వచ్చినవాటిని ఆ అరగంటకు వాయిదా వేయడం మేలు. మానసిక నిపుణులు 1980ల నుంచి సూచిస్తున్న పద్ధతి ఇది.

రెండో మాట మరింత ప్రమాదకరమైనది. 2021 నవంబరు వానలకు రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు నిండి, కట్టకు లీకు పడినప్పుడు దిగువ పల్లెల వారిని ఖాళీ చేయించారు. లీకు పడిన చోట బస్తాలు వేసి కట్టను నిలబెట్టారు. కట్ట తెగలేదు. అందువల్ల ఆ భయమంతా వృథా అనగలమా? భయపడ్డారు కనుకనే బస్తాలు పడ్డాయి. వాన ఎవరి చేతిలోనూ లేదు. పాసుపుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టుకోవడం, పలుపు విప్పి ఆవును మెరకకు తోలడం మాత్రం మన చేతిలోనివే. చేయిదాటిన ప్రతి కష్టంలోనూ ఇలా చేయదగినది కొంత కలిసే ఉంటుంది. మొత్తాన్నీ వదిలేయమన్న సలహా ఆ కొంతను కూడా మన చేతుల్లోంచి లాగేసుకుంటుంది. 2025లో తోతాపురి మామిడి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించినా రైతుకు దిగులు తీరలేదు. ధరను అతడు నిర్ణయించలేడు. కానీ కోత ఎప్పుడు మొదలుపెట్టాలో, కాయను ఎటు తోలాలో ఆలోచించగలడు, తూకం చీటీ భద్రపరచుకోగలడు.

ఇక నమ్మకం సంగతి. కొండకు మొక్కుకున్న తల్లే బిడ్డను ఆసుపత్రికీ తీసుకువెళుతుంది. ఆ రెండింటికీ వైరం లేదు. ఈ సందేశానికి కొందరు తగిలించే “కర్మణ్యేవాధికారస్తే” శ్లోకం కూడా, పని మానుకోవడంపై ఆసక్తి వద్దనే ముగుస్తుంది.

వారాల తరబడి నిద్ర పట్టక, అన్నం సహించక దిగులుతో కుంగిపోతున్న వారికైతే దయచేసి ఈ సందేశం పంపకండి. పక్కన కూర్చుని వారు చెప్పేది వినండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ కలిపి ఇవ్వండి. ఆ సేవ ఉచితం, రాత్రింబవళ్లు అందుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.