షేన్ లోకల్, ఫోర్డ్ నాన్‌లోకల్

ప్రపంచంలోకెల్లా గొప్ప కౌబాయ్ సినిమా ఏది అన్న ప్రశ్నను ఇన్నాళ్ళూ సినిమా పండితుల చేతిలో పెట్టాం. వాళ్ళేం చేశారో చూడండి. అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1998లో వంద గొప్ప అమెరికన్ సినిమాల జాబితా వేసి, జాన్ ఫోర్డ్ తీసిన 'ద సెర్చర్స్'ని 96వ స్థానంలో కూర్చోబెట్టింది. 2007లో జాబితా మళ్ళీ వేస్తే అదే సినిమా 12కి ఎగబాకింది. మరుసటి ఏడాది వెస్టర్న్‌లకు, అంటే కౌబాయ్ సినిమాలకు, విడిగా జాబితా వేసి ఏకంగా ఫస్ట్ ర్యాంకు ఇచ్చేశారు. ఈ మధ్యకాలంలో సినిమాలో ఒక్క ఫ్రేమూ మారలేదు. ఫోర్డ్ 1973లోనే, హీరో జాన్ వేన్ 1979లోనే పోయారు కాబట్టి పైరవీకీ అవకాశం లేదు. 1956లో విడుదలైనప్పుడు ఒక్క ఆస్కార్ నామినేషన్‌కు కూడా నోచుకోని సినిమా ఇది. మన దగ్గర రీవాల్యుయేషన్‌లో ఓ పది మార్కులు కలిస్తే టీవీలవాళ్ళు రోజంతా చర్చ పెడతారు. అక్కడ 84 ర్యాంకులు పెరిగితే విచారణ కమిషన్ వేయడం మానేసి చప్పట్లు కొట్టారు.

కాబట్టి ఈ వ్యవహారాన్ని ఇకమీదట తెలుగువాళ్ళకు అప్పగించాలని నా ప్రతిపాదన. ప్రతిభను కొలవడం మనకూ చేతకాదు, అందులో దాపరికం అక్కర్లేదు. కానీ ఎవడు లోకల్, ఎవడు నాన్‌లోకల్ అని తేల్చే విద్యలో మనల్ని మించినవాళ్ళు భూమ్మీద లేరు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల దగ్గర్నుంచి తీసుకున్నా అర్ధశతాబ్దపు అనుభవం. వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివావు, స్టడీ సర్టిఫికెట్ ఏది, తహశీల్దారు సంతకం ఏది, 85 శాతంలోకి వస్తావా 15 శాతంలోకి వస్తావా. కౌబాయ్ సినిమా అభిమానులు పొద్దస్తమానం కొట్టుకునేదీ దీని గురించే కదా! ఇటలీవాళ్ళు తీసినవి అసలైన వెస్టర్న్‌లు కావంటాడు ఒకాయన. హాలీవుడ్‌వాళ్ళు మర్చిపోయిన విద్యను ఇటలీవాళ్ళే బతికించారంటాడు ఇంకొకాయన. కృష్ణ తీసినవి కాపీలని ఇద్దరూ కలిసి తీర్మానిస్తారు. అసలు, నకిలీ అన్న మాట వచ్చాక రెవెన్యూ శాఖ లేకుండా పని జరుగుతుందా?

నిబంధన ఒక్కటే పెడదాం. సినిమా, సినిమా తీసినవాడు, తీసిన చోటు, అన్నీ అమెరికాలోని మిసిసిపీ నదికి పడమటి వైపు ఉండాలి. ఆధారాలు జత చేయాలి. ఇక కౌన్సెలింగ్ మొదలుపెడదాం.

మొదటి దరఖాస్తు 'ద గ్రేట్ ట్రెయిన్ రాబరీ'. 1903 నాటిది, పన్నెండు నిమిషాల సినిమా. కౌబాయ్ సినిమాలకు ఆదిపురుషుడని దీనికి పేరు. తీసింది థామస్ ఎడిసన్ కంపెనీ. ఎక్కడ తీసిందయ్యా అంటే న్యూజెర్సీలో. అట్లాంటిక్ సముద్రపు గాలి తగిలే న్యూజెర్సీలో, తూర్పు రైలు పట్టాల మీద పడమటి దోపిడీ జరిపించారు. ఆ ఎడిసన్ పేరు పెట్టుకున్న ఊళ్ళో ఇవాళ గోంగూర పచ్చడి నుంచి ఆవకాయ దాకా అన్నీ దొరుకుతాయి. ఆ లెక్కన ఈ సినిమాకు టెక్సాస్‌వాళ్ళకన్నా మనవాళ్ళే దగ్గరి చుట్టాలు. ఎన్నారై కోటాలో పరిశీలించవచ్చు.

ఇక 'ద సెర్చర్స్'. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఫైలు పెద్దది. దర్శకుడు ఫోర్డ్ పుట్టింది మెయిన్ రాష్ట్రంలో, అమెరికాలో అంతకన్నా తూర్పుకు పోవాలంటే పడవ ఎక్కాలి. నాన్‌లోకల్. జాన్ వేన్ పుట్టింది అయోవాలో, పెరిగింది కాలిఫోర్నియాలో. లోకలే, అభ్యంతరం లేదు. కథ 1868 నాటి టెక్సాస్‌లో మొదలవుతుంది. షూటింగేమో యూటా, అరిజోనా సరిహద్దులోని మాన్యుమెంట్ వ్యాలీలో. కథ ఒక జోన్, షూటింగ్ ఇంకో జోన్. హీరో ఏళ్ళ తరబడి మేనకోడలి కోసం దేశమంతా గాలిస్తాడు, ఎటు తిరిగినా వెనకాల అవే ఎర్రరాతి గుట్టలు. ఫోర్డ్‌కు ఆ లోయ మీద అంత మమకారం. 1939లో 'స్టేజ్‌కోచ్' తీసినప్పటి నుంచి దాన్ని వదల్లేదు.

అన్నిటికన్నా చిక్కు మరొకటుంది. మన పరీక్షకు నిక్కచ్చిగా నిలబడేది ఒక్క వర్గమే, ఆ నేల మీద మొదటి నుంచీ ఉన్నవాళ్ళు. సినిమాలో కమాంచీ తెగవాళ్ళుగా కనబడే జనం మాన్యుమెంట్ వ్యాలీ చుట్టుపక్కల ఉండే నవాహోలు. తెగ వేరు, భాష వేరు. పోనీలే, లోకల్‌వాళ్ళకే పని దొరికింది. మరి వాళ్ళ నాయకుడు స్కార్ వేషం ఎవరికిచ్చారు? హెన్రీ బ్రాండన్‌కి. ఆయన బెర్లిన్‌లో పుట్టిన జర్మన్, నీలి కళ్ళవాడు. అంటే గుర్రం మీంచి కిందపడే ఉద్యోగాలు 85 శాతం కోటాలోనూ, డైలాగున్న ఉద్యోగం 15 శాతం కోటాలోనూ భర్తీ చేశారు. మన ఆఫీసుల్లో ఇలాంటి భర్తీ మీద జీవోలు చాలానే ఉన్నాయి, కాపీలు పంపగలం. ఆ మాటకొస్తే ఆ గుర్రమూ అక్కడిది కాదు. ఉత్తర అమెరికాలో ఎప్పుడో అంతరించిపోయిన గుర్రాన్ని మళ్ళీ ఓడల్లో తెచ్చింది స్పెయిన్‌వాళ్ళు. నెత్తిన స్టెట్సన్ టోపీ ఫిలడెల్ఫియా ఫ్యాక్టరీది. పశువులు కాసే పని కౌబాయ్‌లకు నేర్పింది మెక్సికోవాళ్ళు. సినిమా మాత్రం గొప్పదే. చివర్లో ఆ తలుపు దగ్గర జాన్ వేన్ ఒక చేత్తో ఇంకో మోచేతిని పట్టుకుని నిలబడి, లోపలికి రాకుండా వెళ్ళిపోయే షాట్ చూసి కూడా కదలనివాణ్ణి నేను మనిషిగా లెక్కవేయను. కానీ ఫైలులో ఏడుపుకు కాలమ్ లేదు.

'హై నూన్' అభిమానులు లైన్లో తోసుకుంటున్నారు. 1952, గ్యారీ కూపర్, 85 నిమిషాలు. మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకు హంతకుడు దిగుతున్నాడు. ఊళ్ళో ఒక్కడూ ఆ ఊరి పోలీసు అధికారి మార్షల్‌కు తోడు రాడు. అందరికీ అర్జెంటు పనులుంటాయి. తెలుగు ప్రేక్షకులకు ఇందులో అర్థం కానిదేమీ లేదు. దర్శకుడు ఫ్రెడ్ జినెమన్ వియన్నాలో పెరిగాడు. సంగీతం డిమిట్రీ టియోమ్కిన్‌ది, ఉక్రెయిన్‌లో పుట్టి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చదువుకున్నాడు. స్క్రీన్‌ప్లే రాసిన కార్ల్ ఫోర్‌మన్‌ను కమ్యూనిస్టు అనుమానంతో బ్లాక్‌లిస్టులో పెడితే ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. ఇదంతా చూసి జాన్ వేన్‌కు ఒళ్ళు మండింది. ఇంతకన్నా అమెరికా వ్యతిరేక సినిమా తాను చూడలేదన్నాడు. ఆయనకూ దర్శకుడు హోవర్డ్ హాక్స్‌కూ ఆ మార్షల్ ఊరివాళ్ళను బతిమాలడం నచ్చలేదట. జవాబుగా 1959లో 'రియో బ్రావో' తీశారు. ఈలోగా చిన్న ఇబ్బంది జరిగింది. 'హై నూన్'కు కూపర్‌కి ఆస్కార్ వచ్చింది. ఆ రోజు కూపర్ ఊళ్ళో లేడు. ఆయన తరఫున వేదికెక్కి బహుమతి అందుకున్నది సాక్షాత్తూ జాన్ వేన్! పైగా ఇంత మంచి వేషం తనకెందుకు రాలేదో తన ఏజెంటును నిలదీస్తానని కూడా చెప్పాడు. మన పార్టీ ఫిరాయింపులు ఎంత సంప్రదాయబద్ధమైనవో ఇప్పుడు తెలిసింది.

'హై నూన్' మీద ఇంకో అభియోగం ఉంది. 1989 జూన్‌లో పోలండ్ ఎన్నికలప్పుడు సాలిడారిటీ కార్మికోద్యమం గోడల నిండా గ్యారీ కూపర్ పోస్టరే అంటించింది. చేతిలో తుపాకీకి బదులు బ్యాలెట్ పేపరు. పోలండ్‌లో ఓటు హక్కు లేనివాడు పోలండ్‌లో ప్రచారం చేయడం కోడ్ ఉల్లంఘన కిందికి వస్తుంది. తిరస్కరిస్తున్నాం.

దొంగ సర్టిఫికెట్ల కేసు ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీది. 1964లో 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' తీసినప్పుడు దర్శకుడి పేరు బాబ్ రాబర్ట్‌సన్ అని వేశాడు. సంగీతం డాన్ సావియో అన్నాడు, అసలు మనిషి ఎన్నియో మొర్రికోనే. విలన్‌గా వేసిన జాన్ వెల్స్ అసలు పేరు జాన్ మరియా వొలొంతే. అమెరికావాళ్ళు తీశారనుకుంటేనే ఇటలీలో టికెట్టు తెగుతుందని భయం. లియోనీ, మొర్రికోనే రోమ్‌లో చిన్నప్పుడు ఒకే బడిలో క్లాస్‌మేట్లు కూడాను. స్టడీ సర్టిఫికెట్ అడిగితే ఇద్దరూ ఒకేసారి దొరికిపోతారు. షూటింగ్ స్పెయిన్‌లో, అల్మేరియా ఎడారి చుట్టూ. ఒక్కొక్క నటుడు ఒక్కొక్క భాషలో మాట్లాడేవాడు, తర్వాత డబ్బింగ్‌లో సర్దేవాళ్ళు. కథేమో జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1961లో తీసిన 'యొజింబో'ది. కురొసావా కేసు వేస్తే చివరికి ప్రపంచ వసూళ్ళలో 15 శాతం ఇచ్చి రాజీ చేసుకున్నారు. సరిగ్గా 15 శాతం! మన నాన్‌లోకల్ కోటా ఎంతో వాళ్ళకెవరు చెప్పారో తెలియదు. ఆ కురొసావా తనకు ఆదర్శంగా చెప్పుకున్నది ఎవర్ని? మెయిన్ రాష్ట్రపు నాన్‌లోకల్ జాన్ ఫోర్డ్‌ని.

అయితే లియోనీని పూర్తిగా పంపేయడానికి మనసొప్పడం లేదు. 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ' క్లైమాక్స్ కోసం బుర్గోస్ దగ్గర కొన్ని వేల సమాధుల శ్మశానాన్ని కట్టింది స్పెయిన్ సైన్యం. వంతెన కట్టిందీ ఆ సైన్యమే. కెమెరాలు తిరగకముందే దాన్ని పొరపాటున పేల్చేసిందీ ఆ సైన్యంవాళ్ళే. మళ్ళీ కట్టి మళ్ళీ పేల్చారు. ఒక దేశపు సైన్యం ఇంత సేవ చేశాక ఎన్‌సీసీ కోటా కింద సీటివ్వకపోతే బాగుండదు.

మిగిలినవాటిని త్వరగా చూసేద్దాం, భోజనాల వేళవుతోంది. 'ద మాగ్నిఫిసెంట్ సెవెన్' కథ జపాన్‌ది, షూటింగ్ మెక్సికోలో, హీరో యూల్ బ్రిన్నర్ వ్లాదివొస్తోక్‌లో పుట్టినవాడు. దరఖాస్తు ఏ దేశానికి పెట్టాలో వాళ్ళకే తెలియదు. 'అన్‌ఫర్‌గివెన్'కు 1992 ఉత్తమ చిత్రం ఆస్కార్ ఉంది, కానీ వయోమింగ్ కథను కెనడాలోని ఆల్బర్టాలో తీశారు. రష్యావాళ్ళు 1970లో తీసిన 'వైట్ సన్ ఆఫ్ ద డెసర్ట్' చూడకుండా అక్కడి వ్యోమగాములు రాకెట్ ఎక్కరు. అది అంతరిక్ష శాఖ వ్యవహారం, మనకెందుకు?

మన 'మోసగాళ్ళకు మోసగాడు' ఫైలు తెరవక తప్పదు. 1971, దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. గడ్డం మాసిన కృష్ణ, నక్కజిత్తుల నాగన్నగా నాగభూషణం, రాజస్థాన్ ఎడారి, బికనీర్ ఇసుక. లియోనీ సినిమాలను దగ్గర పెట్టుకుని అల్లిన కథే, ఎవరూ దాచలేదు. ఆ అల్లింది ఎవరంటే ఆరుద్ర! 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన చేత్తోనే తుపాకీ కౌబాయ్ చేతికిచ్చాడు మహానుభావుడు. దీన్ని కాపీ అనేవాళ్ళు లెక్క పూర్తిగా చెప్పాలి. ఫోర్డ్‌ను చూసి కురొసావా, కురొసావాను చూసి లియోనీ, లియోనీని చూసి ఆరుద్ర. వరసలో చివర నిలబడ్డవాడినే పట్టుకుని జేబులు తడమడం పోలీసులకు అలవాటు, విమర్శకులకెందుకు? స్థానికత విషయానికొస్తే కృష్ణది తెనాలి దగ్గర బుర్రిపాలెం. బుర్రిపాలెం కూడా మిసిసిపీకి పడమటే. కాస్త ఎక్కువసేపు వెళ్ళాలి, అంతే. దూరం ఎంతుండాలో నిబంధనల్లో ఎక్కడా లేదు.

పత్రాలన్నీ సక్రమంగా ఉన్న దరఖాస్తు ఒక్కటే తేలింది, 1953 నాటి 'షేన్'. కథ వయోమింగ్‌ది, తీసింది వయోమింగ్‌లోని జాక్సన్ హోల్‌లో. దర్శకుడు జార్జ్ స్టీవెన్స్ కాలిఫోర్నియావాడు, హీరో అలన్ లాడ్ అర్కాన్సాస్‌వాడు. విలన్ జాక్ పాలెన్స్ ఉక్రెయిన్ తల్లిదండ్రులకు పెన్సిల్వేనియాలో పుట్టాడు కానీ విలన్లకు స్థానికత అక్కర్లేదు, ఎన్నికల్లో చూస్తూనే ఉన్నాం. మూలనవల రాసిన జాక్ షేఫర్ ఓహైయోవాడు, పడమటి నేల చూడకుండానే రాశాడంటారు. దానికి కండోనేషన్ ఫీజు కట్టించుకున్నాం. ఫస్ట్ ర్యాంకు 'షేన్'దే.

పేరు పిలిచాం. పలకలేదు. సినిమా చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. చివర్లో ఆ చిన్నపిల్లాడు గొంతు చించుకుని, వెనక్కి రమ్మని అరుస్తున్నా షేన్ తిరిగి చూడకుండా కొండలెక్కి పోతాడు. అసలప్పటికి బతికున్నాడా, జీను మీదే ప్రాణం పోయిందా అన్నది డెబ్బై ఏళ్ళుగా తేలని తగాదా. లైఫ్ సర్టిఫికెట్ లేదు, మనిషి రిపోర్టు చేయలేదు. నిబంధనల ప్రకారం సీటు రద్దు.

మిగిలిన ఆ ఒక్క సీటుకు స్పాట్ అడ్మిషన్ పెట్టాం. ఫోర్డ్ తరఫున ఎవరూ రాలేదు, లియోనీ తరఫున వచ్చినవాళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ ఇంకా గేటు దగ్గరే నిలబడ్డారు. తెల్లవారుజాము నుంచి పూలదండలు, పాలక్యాన్లతో కూర్చున్నది కృష్ణ అభిమానులే. 2023లో మళ్ళీ విడుదలైనప్పటి టికెట్లు కూడా ఆధారంగా జత చేశారు. సీటు వాళ్ళకు కేటాయిస్తూ ఉత్తర్వులు టైపు అవుతుండగా 'కొదమసింహం' అభిమానులు హైకోర్టుకు వెళ్ళి స్టే తెచ్చారు. 'టక్కరి దొంగ' వర్గం ఇంప్లీడ్ అయింది, వాళ్ళు తండ్రి వైపో కొడుకు వైపో ఇంకా తేల్చుకోలేదు. తదుపరి విచారణ సోమవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు. సాక్షులుగా వస్తామని ఊళ్ళో అందరూ మాటిచ్చారు, అందరికీ ఆ రోజే అర్జెంటు పనులున్నాయి.