సవరణ: హెంప్ బ్రాస్‌లెట్‌కి దారం ఎంత కత్తిరించాలి?

హెంప్ (గంజాయి జాతి మొక్క నార) దారంతో ముడుల బ్రాస్‌లెట్ అల్లడం గురించిన పోయిన పోస్టులో, ముడులు వేసే దారం బ్రాస్‌లెట్ పొడవుకి నాలుగింతలు ఉండాలని రాశాను. ఆ లెక్క దారాన్ని సగానికి మడిచాక ఒక్కో కొసకి. అంటే కత్తిరించేటప్పుడు ఎనిమిదింతలు తీసుకోవాలి. 7 అంగుళాల బ్రాస్‌లెట్‌కి 56 అంగుళాలు, చివర కట్టుకోవడానికి ఇంకో 12 కలపండి. దారం మిగిలితే పర్వాలేదు, నడిమధ్యలో అయిపోతే మాత్రం అల్లినదంతా విప్పాల్సిందే. మధ్యలో నిలువుగా ఉండే దారానికి ఇంత అక్కర్లేదు. 30 అంగుళాలు మడిస్తే చాలు.

ఈ బ్రాస్‌లెట్‌లో వేసే చదరపు ముడికి (స్క్వేర్ నాట్) ఒకసారి ఎడమ కొస మధ్య దారాల మీదుగా వెళ్తే, మరుసటిసారి కుడి కొస వెళ్లాలి. ప్రతిసారీ ఎడమ కొసనే వేస్తూ పోతే పట్టీ మెలి తిరిగిపోతుంది. ఆ మెలిక కూడా చూడ్డానికి బాగుంటుంది, నచ్చితే అలాగే అల్లుకోండి.

హెంప్ దొరక్కపోతే జనపనార పురి వాడకండి. నూగు రాలుతుంది, చర్మానికి గుచ్చుకుంటుంది. మైనం పూసిన నూలు దారం నయం. పూసలు కొనేటప్పుడు వాటి రంధ్రంలో మధ్య దారం రెండు పోగులూ దూరతాయో లేదో షాపులోనే చూసుకోండి.